ముక్కల్లేని పులుసు

తెలంగాణ రాకముందు మాట. చిలుకూరు దగ్గర మా ఊరి చెరువుల పరకలు, జెల్లలు, బొమ్మిడాయిలు, కొర్రమట్టలు, ఇట్ల నాటు చేపలన్నీ వాటంతటవే పుట్టి పెరిగేవి. నాయిన వల వేస్తే అమ్మ గంప నెత్తిన పెట్టుకొని కోదాడ అంగడికి పోయి అమ్మేది. మా తిండి, మా బట్టలు ఆ గంపల నుంచే వచ్చినయి.

ఒక ఎండాకాలం చేపల శాఖ సారు వచ్చిండు. సర్కారు పథకం కింద బొచ్చె చేప పిల్లల్ని చెరువుల పోస్తరట. పెద్ద చేపలు వాటిని మింగకుండా, ముందు చెరువును ఖాళీ చెయ్యాలట.

"ఇవన్నీ పనికిరాని చేపలమ్మా. మా లెక్కల్లోకి రావు" అన్నడు అమ్మతోటి.

అడుగున మిగిలిన నీళ్లల్ల చేపలు చచ్చే మందు కలిపించిండు. తెల్లారేసరికి ఎటు చూసినా తేలిన తెల్లటి కడుపులే. అమ్మ ఏడవలేదు. జీపు పోయిన దిక్కే చూసుకుంట, "వీని నోట్ల మన్నువడ" అన్నది.

చలికాలం అదే సారు మళ్ల వచ్చిండు, ఈసారి జీవవైవిధ్యం మీటింగు పెట్టనీకి. చంపే పథకానికీ, కాపాడే పథకానికీ ఆయనే సారు. కట్ట మీద టెంటు వేసిన్రు. సూర్యాపేట నుంచి పెద్ద సార్లు వస్తున్నరని వంట పని అమ్మకు చెప్పిండు.

"కొర్రమట్ట పులుసు చెయ్యమ్మా. మీ చెరువుదే కావాలె."

అమ్మ సరేనన్నది. నేను ఉల్లిగడ్డలు కోసిన. అమ్మ చింతపులుసు మరగబెట్టి, మెంతిపొడి, కొత్తిమీర వేసింది. వాసన టెంటు దాక పోయింది. దేశవాళీ చేపల్ని కాపాడుకోవాలని మైకుల చెప్తున్నాయన జర తొందరగనే ముగించిండు.

విస్తర్లల్ల వేడి అన్నం, మీద ఎర్రటి పులుసు. సారు గంటె తీసుకొని గిన్నె అడుగు దాక దేవిండు.

"ముక్కలేవమ్మా?"

"చెరువుల కొర్రమట్ట ఉంటే గద సార్ ముక్క ఉండేది. మీరే మందు పోయిస్తిరి. ఒట్టి పులుసు తినుండ్రి."

పెద్ద సార్లు ఆయన దిక్కు చూసిన్రు. ఆయన తల వంచుకొని అన్నం కలుపుకున్నడు. ఆ పొద్దు నాకు అన్నం తినకుండనే కడుపు నిండింది.

చెరువేం బాగుపడలే. మరుసటేడు కూడ బొచ్చె పిల్లలే పోసిన్రు. అమ్మకు మళ్ల వంట పని ఇయ్యలే. మునగాల దిక్కు నాట్లకు పోయింది.

కొన్నేండ్లకు సూర్యాపేట బస్టాండుల ఆ సారు కనబడ్డడు. నన్ను గుర్తుపట్టలే.

"మిర్యాలగూడ బస్సు పోయిందామ్మా?"

బస్సు అవతలి పక్క ఆగి ఉన్నది. నేను పోవాల్సింది కూడ దాంట్లనే.

"ఇప్పుడే పోయింది సార్" అన్న.

ఆయన బల్ల మీద కూలబడ్డడు. నేను పోయి కిటికీ పక్క సీట్ల కూసున్న.