కదిరమ్మ హోటల్లో నరసప్ప

లారీ నడపడం మానేసినా నరసప్ప అరచేతుల్లో స్టీరింగ్ కాయలు పోలేదు. రోజూ మధ్యాహ్నం సోమందేపల్లిలో కదిరమ్మ హోటల్‌కు సంగటి తినడానికి వచ్చేవాడు. గోడ మీద దండ వేసి ఉన్న, చనిపోయిన ఆమె భర్త ఫోటోకు వీపు పెట్టి కూర్చునేవాడు. వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు మాటిమాటికీ మెడ తడుముకునేవాడు. రోడ్డు దాటుతున్న ఆ మనిషిని గుద్ది, ఆగకుండా వెళ్లిపోయిన లారీ తనదే. అది ఎవరికీ తెలియదనుకున్నాడు. ఒకరోజు ఫోటోకు ఎదురుగా తప్ప ఎక్కడా చోటు లేదు. అతను వెనుదిరిగాడు.

"యాడికి పోతాండావప్పా? కూసో," అంది కదిరమ్మ. ముద్ద మీద పప్పు పోస్తూ గొంతు తగ్గించింది. "ఆ లారీ నీదేనని నాకు ఎప్పుడో తెలుసు. తిను."

అతను కూర్చున్నాడు. ఏమీ మిగల్చకుండా తిన్నాడు. మర్నాటి నుంచి ఆకలేసినా ఆ వీధిలోకి రాలేదు. ఆ పూట ఆమె మాట కాదనలేక తిన్నాడు గానీ, ఆమెకు తెలియదనుకున్నన్నాళ్లే ఆమె చేతి ముద్ద అతని గొంతు దిగింది.