తెల్లబారిన చాక్లెట్లు

నా చిన్నప్పుడు, దోహాలోని ఉమ్ ఘువైలినాలో మేమున్న ఫ్లాట్‌లో, ఒక జూలై శుక్రవారం పొద్దున హాల్లో ఉన్నవి ఇవి: నేలమీద పరిచిన పాత పేపరు, దానిమీద మూడు కిలోల చాక్లెట్లు, నా స్కూలు భూతద్దం, గొంతుక్కూర్చున్న కింది గదాయన, ఆయన ఎదురుగా పదేళ్ళ నేను. అమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపల పడుకుంది. నాన్న ఓవర్‌టైముకని సైటుకి వెళ్ళాడు. చమురు ధర పెరిగినకొద్దీ ఊరంతా క్రేన్లు లేచిన రోజులవి. నాన్న శుక్రవారాలు కూడా ఇంట్లో కనిపించేవాడు కాదు.

ఆ కింది గదాయన్ని కాక అని, అంటే బాబాయి అని, పిలిచేవాణ్ణి కానీ ఆయన మాకు చుట్టం కాదు. జగిత్యాల దగ్గరి పల్లెవాడు. కాంక్రీటు పోయడానికి పలకలు బిగించే షట్టరింగ్ పని చేస్తూ, మా బిల్డింగులోనే కింద ఒక గదిలో మరో ఐదుగురితో కలిసి ఉండేవాడు. ఆయన ఇల్లు వదిలిన ఐదు నెలలకు కూతురు పుట్టింది. అప్పటికి ఆ పిల్లకు మూడేళ్ళు దాటాయి, తండ్రిని ఫొటోలో తప్ప చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన మొదటిసారి సెలవు మీద వెళ్తున్నాడు. ఫోన్లో పిల్ల అడిగింది ఒక్కటే, చాక్లెట్లు తెస్తున్నవా అని. మా ఊళ్ళల్లో దోహా అన్నా దుబాయే. దుబాయ్ నుంచి మనిషి వచ్చాడంటే వాడకట్టు పిల్లలందరి చేతుల్లో చాక్లెట్ పడాల్సిందే. కాక ఆలోచన మాత్రం తన పిల్ల గురించే. కొత్త మనిషిని చూసి అది జడుసుకుంటుందని, చాక్లెట్ చూపిస్తే తన దగ్గరికి వస్తుందని ఆయన నమ్మకం. ఇంకో దారి ఆయనకు తోచలేదు.

ఆ వారం వాళ్ళ గదిలో ఏసీ రెండు రోజులు పనిచేయలేదు. చాక్లెట్లున్న సూట్‌కేసు ఎండ పడే కిటికీ కింద ఉంది. ఏసీ బాగయ్యాక కాక విప్పి చూస్తే ప్రతి ముక్క మీదా తెల్లటి మచ్చలు. ఇంగ్లీషు చదవగలవాణ్ణని నా దగ్గరికి తెచ్చాడు.

"సూడు కొడుకా, మంచిగనే ఉన్నయా?"

ముందు తేదీ చూశాను. ఇంకా ఎనిమిది నెలల గడువుంది. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ సెలవులిచ్చే ముందే మా సైన్సు టీచరు రొట్టె మీద బూజు పట్టించి చూపించింది. భూతద్దం తెచ్చి ఐదు ముక్కలు వరసగా పరీక్షించాను. రంగు తెలుపు, ఆకారం మచ్చలు, అంచులు నూగులాగా. మూడు లక్షణాలూ కలిశాయి. ఇది ఫంగస్ అని, పిల్లలు తింటే వాంతులవుతాయని చెప్పేశాను. నాకు అనుమానం లేదు, గొంతులో కూడా వినిపించలేదు.

కాక ముక్కలన్నీ మళ్ళీ సంచీలో వేశాడు. కొత్తవి కొనడానికి ఆయన దగ్గర మిగిలింది లేదు. "పారెయ్యి బిడ్డా. నాకు చెయ్యి రాదు," అని లేచి కిందికి వెళ్ళిపోయాడు.

సంచీ పట్టుకుని చెత్త డబ్బా దగ్గరికి బయలుదేరాను. మెట్ల మొదట్లోనే ఎదురింటి ఖాలా తలుపు తీసింది. హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చినావిడ, వాళ్ళ ఉర్దూలో ఖాలా అంటే పిన్ని. మాతో తెలుగే మాట్లాడేది. ఇంట్లో పాలపొడితో చాక్లెట్లు చేసి పుట్టినరోజులకు అమ్మేది. సంచీలో ఏముందని అడిగితే నా పరీక్ష అంతా వివరంగా చెప్పాను. ఆవిడ ఒక ముక్క తీసుకుని మచ్చ మీద బొటనవేలు పెట్టి రెండుసార్లు రుద్దింది. తెలుపు కరిగి గోధుమరంగు తేలింది. వాసన చూసి కొరికి తిన్నది.

"వేడికి దాంట్ల నెయ్యిలాంటి కొవ్వు పైకొచ్చింది బేటా, గంతే. బూజైతే వేలికి కరుగుతదా? అద్దం పెట్టి చూసినవ్, వేలు పెట్టి చూసినవా?"

నా చెవులు వేడెక్కాయి. కాకకు నువ్వే చెప్పు ఖాలా అని బతిమాలాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నేను చెబితే ఆయనకు చాక్లెట్ దొరుకుతది. నీకేం దొరుకుతది? చెడ్డదన్నది నువ్వే. పోయి నువ్వే చెప్పు."

ఇరవై రెండు మెట్లు దిగడానికి నాకు చాలాసేపు పట్టింది. కాక మంచం మీద కూర్చుని ఉన్నాడు, సూట్‌కేసు తెరిచే ఉంది. తెలియకపోయినా తెలిసినట్టు చెప్పాను, తప్పు చెప్పాను, అవి బాగానే ఉన్నాయి అన్నాను. ఆయన నన్ను మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను. లేచి నా నెత్తిమీద చెయ్యి పెట్టాడు. "గా అద్దం నాకియ్యి. మా సర్పంచికి ఎంత బూజు పట్టిందో సూసొస్త," అన్నాడు.

మిగతా పగలంతా ఖాలా వంటింట్లో గడిచింది. మచ్చలు పోవడానికి చాక్లెట్లను గిన్నెలో వేసి, మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద పెట్టి కరిగించింది. పాలపొడి చేర్చింది, అలా చేస్తే ప్రయాణంలో తొందరగా కరగదట. కాక వేయించిన పల్లీలు ఒలిచాడు, నేను దంచాను. పళ్ళేల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక కోసి, వెండి కాగితం చుట్టాం. గిన్నె అడుగున మిగిలినదాన్ని ఖాలా కడిగేయనివ్వలేదు. వేడిపాలు పోసి, చాయ్‌లాగా ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి ఎత్తిపోసి, నురగతో మా ముగ్గురికీ ఇచ్చింది. ఇంజనీరింగు చదివేటప్పుడు లైబ్రరీలో చూశాను. చాక్లెట్ వేల ఏళ్ళపాటు తాగేదేనట. మెక్సికో వైపు పాతకాలపువాళ్ళు చక్కెర లేకుండా, మిరపకాయ కలిపి, సరిగ్గా అలాగే ఎత్తిపోసి నురగ తెప్పించేవాళ్ళట. ముక్కలుగా కొరికి తినడం నిన్నమొన్నటి సంగతి. ఖాలాకు ఇదంతా తెలుసో లేదో నేను అడగలేదు.

రెండు నెలల తర్వాత కాక తిరిగొచ్చి మా హాల్లోనే కూర్చుని చెప్పాడు. పిల్ల మొదటి రోజు నాయనమ్మ కొంగు వదల్లేదు. రెండో రోజు తలుపు చాటునుంచి చూసింది. మూడో రోజు వచ్చి చాక్లెట్ గుంజుకుని ఉరికింది. "నాల్గోనాడు వొచ్చి ఏమడగలే. ఊకె నా ఒళ్ళె కూసున్నది," అన్నాడు. కాక తల వంచుకుని చాయ్ తాగాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఇప్పుడు నేను ఒక ప్లాంటు ల్యాబులో శాంపిల్స్ పరీక్షిస్తాను. పనికిరాదని రాసే ముందు ఇంకో పద్ధతిలో చూస్తాను. అయినా తప్పులు జరుగుతాయి. జరిగినప్పుడు మెయిలు పెట్టను, ఫోను చెయ్యను. ఆ మనిషి ఎక్కడున్నాడో కనుక్కుని, ఎదురుగా నిలబడి, తప్పు చెప్పానని చెబుతాను. ఇప్పటికీ ఆ నాలుగడుగులు బరువుగానే ఉంటాయి. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఇప్పటివరకు అలా వెళ్ళింది పదిహేడు సార్లు.