తెల్లచీర కోసం బెల్టు

ఆ రోజుల్లో మా పెదపారుపూడి కాలవకి నీళ్లొదిలారంటే గాలి కూడా మెత్తబడేది. ఆ గాలిలో బావ మోటారుసైకిలు వెనక కూర్చుంటే నేల మీద వెళ్తున్నట్టుండేది కాదు. గట్టు మీద తాటిచెట్లు, నీళ్లలో కొంగలు, నిద్రలో కనబడ్డట్టు మెల్లగా జారిపోయేవి. (బండి మాత్రం మెల్లగా వెళ్లేది కాదు.) యుద్ధమయ్యాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన బండి అది. దున్నపోతంత ఉండేది, బలమూ అంతే. ఒకటే లోపం, చైనుకి పోసిన నూనెంతా వెనక కూర్చున్నవాళ్ల బట్టల మీదకి చిమ్మేది.

బావంటే మేనమామ కొడుకు, రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. నన్ను వాళ్లింటి కోడలిగా అడిగినప్పుడు మా నాయనమ్మ ఔననలేదు, కాదనలేదు. “సోమవారం పిల్ల బందరు ట్రైనింగు స్కూల్లో చేరాలి. తెల్లచీరతో రమ్మన్నారు. నూనె చుక్క పడకుండా దింపిరా అబ్బాయ్, అప్పుడు మాట్లాడుకుందాం” అంది. ఆ సోమవారం 1959 జూన్ పదిహేను. నన్నెవరూ అడగలేదు గానీ, అడిగితే ప్రశ్న పూర్తికాకుండానే సరేననేదాన్ని.

మిల్లులో రోజూ బెల్టులతో పనిచేసేవాడు కదా, బెల్టుకి నూనె అక్కర్లేదని బావకి తోచింది. చైను పీకేసి, వడ్రంగి చేత బెల్టు తిరగడానికి చిన్న చెక్క చక్రాలు చేయించి, పాత మిల్లుబెల్టు ముక్క బిగించాడు. చైనే నయమేమో, వానొస్తే బెల్టు జారుతుందేమో అన్నాను.

“ఎనిమిది అంకెలాగా మెలేసి బిగించానే. మిల్లులో మెలేసిన బెల్టు జారడం ఎప్పుడైనా చూశావా?” అన్నాడు. నేను చూడలేదు. లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులొచ్చేవి, అయినా మెలేసిన బెల్టు మరో పని కూడా చేస్తుందని నాకూ తట్టలేదు.

సోమవారం పొద్దున ఇంటిల్లిపాదీ మిల్లు దొడ్లోకి వచ్చారు. తెల్లచీర కట్టుకుని ఎక్కి కూర్చుని, కళ్లు మూసుకున్నాను. బండి కదిలింది. గాలి కూడా వచ్చింది, అయితే వీపు మీదకి. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఉన్న గేటు దూరమైపోతోంది. మెలేసిన బెల్టు చక్రాన్ని వెనక్కి తిప్పుతుంది. బావ బ్రేకు వెతుక్కునేలోపు ఇద్దరం మిల్లు వెనక ఊకకుప్పలో మెడదాకా కూరుకుపోయాం.

నాయనమ్మ వచ్చి నన్ను పైకి లాగి, చీర ముందూ వెనకా తిప్పి చూసింది.

“చుక్క పడలేదు కదండీ” అన్నాడు బావ, ఊకలోంచే.

“పడలేదు. బందరూ రాలేదు” అంది. “చీర మార్చుకుంటే పోయేదానికి బండిని మార్చావు. ఆ చైనే తగిలించు నాయనా.”

తన ముదురాకుపచ్చ చీర నాకు కట్టబెట్టి, దులిపిన తెల్లచీరని సంచీలో పెట్టింది. స్కూలుకి ఆలస్యంగానే చేరాను, జడలో ఊకతో. ఆ సాయంత్రమే నాయనమ్మ మావయ్యని పిలిపించిందట. “పిల్ల చీర పాడవకూడదని బండినే పాడుచేసుకున్నాడు, ఇంకేం చూడాలి?” అందట.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నా చీరలన్నిటికీ నూనె చుక్కలే. ఉతికినప్పుడల్లా ఆయన్ని సాధించేదాన్ని. ఇప్పుడు కట్టేవన్నీ తెల్లచీరలే. ఆరేసేటప్పుడు అలవాటు కొద్దీ అంచు దగ్గర వెతుకుతాను. ఒక్క చుక్క ఉండదు. అయినా మళ్లీ ఇంకోసారి తిప్పి చూస్తున్న ఈ ముసలిదాన్ని చూస్తే నాకే నవ్వొస్తుంది.