లోరెన్ పాత మోకాలు

బఫలో నగరంలోని ఒక పరిశోధనశాలలో లోరెన్ సోబ్‌చక్ ఏళ్ల తరబడి పరాయివాళ్ల మోకాళ్లు చెక్కుతోంది. ఆపరేషన్లో తీసేసిన కీలు ఐసు పెట్టెలో వస్తుంది. దాని అరిగిన వైపు నుంచి కొంత, అరగని వైపు నుంచి కొంత మృదులాస్థిని పల్చగా కోసి గడ్డకట్టించాలి. ఆ కణాల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో, క్రోమోజోముల మీద అవి పక్కపక్కనే గుంపు కట్టాయో, చెదిరి ఉన్నాయో తక్కినవాళ్లు పటం గీస్తారు. కత్తి లోతుకు దిగి ఎముక పొడి కలిసిందా, పటంలో ఎముక జన్యువులు వెలుగుతాయి. ఆ నమూనాను లోరెన్ జాబితాలోంచి కొట్టేస్తుంది. అది ఎవరిదని అడగదు. అక్కడ పేర్లుండవు, నంబర్లే.

చివరికి ఆమె మోకాలికే వంతు వచ్చింది. ఎటూ తీసేసేదే గనక తనదీ ఆ పటాల్లోకి ఎక్కాలని ఆమె కోరిక. అంగీకార పత్రం మీద సంతకం పెట్టేసింది. చిక్కల్లా, ఆ రోజు కత్తి పట్టేది కొత్తగా చేరిన డెరిక్. అతనికి అదే మొదటి మోకాలు.

అతని సాధన కోసం ఆమె పచ్చి కోడిరెక్కలు తెచ్చింది.

"చెక్కమన్నాను నాయనా, నరకమనలేదు. కింద ఎముక ఎరుపు కనిపిస్తే ఆగిపో."

"కోడికి నొప్పెట్టదు కదా లోరెన్!"

"కోడి సంగతి కాదు, నా సంగతి."

"మీకూ పెట్టదు. మత్తులో ఉంటారు."

"అదే నా భయం."

ఆపరేషన్ అయింది. కళ్లు తెరవగానే, "బాగా వచ్చిందా?" అంది.

"భేషుగ్గా అమరిందమ్మా కొత్త మోకాలు," అంది నర్సు.

"కొత్తది కాదు, పాతది."

నర్సు ఆమెకు జ్వరమేమైనా ఉందేమోనని చూసింది.

చేతికర్రతో లోరెన్ పనికి తిరిగొచ్చేసరికి, తను లేనప్పుడు డెరిక్ కోసిన మోకాళ్ల పటాలు తెర మీద ఉన్నాయి. మొదటిదాన్లో తప్ప ఎక్కడా ఎముక జాడ లేదు.

"అదెవరిదో నాకు తెలీదు," అన్నాడు డెరిక్, ఎవరూ అడక్కముందే.

"నాకూ తెలీదు. నంబరేగా."

"మొదటిది కదా, కత్తి కాస్త లోతుకు దిగింది. ఈ ఒక్కటీ ఉంచేద్దామా? గుంపులు చూడండి, ఎంత చక్కగా ఉన్నాయో."

లోరెన్ చూసింది. నిజంగానే చక్కగా ఉన్నాయి. కాసేపు చూసి, కొట్టేసింది.

తర్వాత కుర్చీలో కూర్చుని రెండో కాలు మెల్లగా చాపుకుంది. అది కటుక్కుమంది.

"ఎడమది కూడా అరుగుతోంది," అంది. "శుక్రవారం మళ్లీ రెక్కలు తెస్తాను."