గడ్డాల వీధి

ఆ వీధిలో అందరూ ఆయన్ని అద్దం బాబాయ్ అనేవారు. గడ్డం గీయడం పూర్తవగానే తువ్వాలుతో చెంపలు అద్ది, కుర్చీని ఒక్క తిప్పు తిప్పి, "చూసుకో, మొహం అద్దంలా ఉంది" అనడం ఆయనకు ముప్ఫయ్యేళ్ళ అలవాటు. మాట అరిగిపోయింది గానీ పని అరగలేదు. ఆయన కత్తి కింద కూర్చున్నవాళ్ళు సగంమంది నిద్రపోయేవారు. గొంతు మీద కత్తి పెట్టించుకుని గురక పెట్టడమంటే ఆ మనిషిని ఎంత నమ్మాలి!

సెలూను పెద్దదేమీ కాదు. రెండు కుర్చీలు, ఒక బెంచీ, అలమర మీద రేడియో, స్టీలు గిన్నెలో పటిక ముక్క. ఎప్పుడైనా చర్మం తెగితే నెత్తురు ఆగడానికి రుద్దే ఆ పటిక ఆయన దగ్గర ఏడాదికి ఒక్కటి అయిపోతే గొప్ప. రెండో కుర్చీ వాళ్ళ నాన్నది; ఆయన పోయాక అందులో ఎవరినీ కూర్చోనివ్వలేదు. పని నేర్పింది ఆయనే. పన్నెండేళ్ళ వయసులో ఊదిన బుడగ చేతికిచ్చి, దానికి నురగ పూసి, "పగలకుండా గీసిన రోజున మనిషి మొహం ముట్టుకోనిస్తా" అన్నాడట. నలభై బుడగలు పగిలాక నలభై ఒకటోది నిలిచింది.

ఇక బాబాయ్ నోరు. అది కత్తి కంటే పదును. ఆ ఏడు దేశమంతా ఒకటే చర్చ: జబ్బు పడ్డ ప్రతి మనిషికీ ప్రభుత్వమే వైద్యం చేయించాలా, ఎవరి తిప్పలు వాళ్ళే పడాలా? చట్టసభలో మొదలైన గొడవ రేడియోలోంచి దిగి నేరుగా సెలూను బెంచీ మీద కూర్చుంది. బాబాయ్ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"ఎవడి జబ్బు వాడిదే. జుట్టు పెరిగితే ప్రభుత్వం వచ్చి కత్తిరిస్తోందా?" అనేవాడు.

"రోడ్డు మాత్రం నువ్వే వేసుకున్నావా బాబాయ్?" అనేవాడు సిటీ బస్సు నడిపే డ్రైవరు.

"రోడ్డు మీద రోజూ నడుస్తా. ఆసుపత్రికి రోజూ పోతానా?"

బడి నుంచి రిటైరైన లెక్కల మాస్టారు కళ్ళజోడు సర్దుకుని మెల్లగా అందుకునేవాడు. "మనిషి మనిషికీ బ్లేడు మారుస్తావు కదా, ఎందుకోయ్?"

"ఒకడి జబ్బు ఇంకొకడికి అంటకూడదని."

"మరి వాడి జబ్బు వాడొక్కడిదే ఎలా అయింది?"

బాబాయ్ కత్తి తుడుచుకుంటూ, "బ్లేడు మార్చేది నేను మాస్టారూ, ప్రభుత్వం కాదు. అయినా అక్కడ క్యూలో నిలబడేసరికే సగం ప్రాణం పోతుంది" అనేవాడు.

"నీ దగ్గర ఆదివారం రెండు గంటలు కూర్చోవట్లేదూ మేము?"

"నా దగ్గర రేడియో ఉందిగా!"

అందరూ నవ్వేవారు. ఆ మాటల వెనక ఒక నొప్పి ఉందని మాత్రం ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు వాళ్ళమ్మకు జబ్బు చేస్తే, నాన్న మూడు రోజులు కాగితం పట్టుకుని పెద్దాసుపత్రిలో ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరిగాడు. నాలుగో రోజున ఆ కాగితంతో పని లేకుండా పోయింది. "ఇకమీదట మనం ఎవరి కిటికీ ముందూ నిలబడొద్దురా" అన్నాడు నాన్న. కొడుకు ఆ మాట పట్టుకుని ఉండిపోయాడు.

చివరికి చట్టం వచ్చింది. వీధి చివర మూతపడ్డ బట్టల కొట్టుకు సున్నం వేసి క్లినిక్కు తెరిచారు. ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకున్నారు. వీధంతా రాయించుకుంది. అద్దం బాబాయ్ ఒక్కడే, "నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు. అలా అంటున్నంతసేపూ కుడిచెయ్యి జేబులోనే ఉంది.

ఎందుకంటే ఆ చెయ్యి వణుకుతోంది.

మొదట టీ గ్లాసు పట్టుకున్నప్పుడు కనిపించింది. తర్వాత కత్తి ఎత్తినప్పుడు. కత్తిరింపు ఫరవాలేదు, దువ్వెన ఆసరా ఉంటుంది. గడ్డమే కష్టం. చిటికెన వేలు చెంప మీద ఆనించి, ఊపిరి బిగబట్టి గీసేవాడు. అయినా ఒకరోజు డ్రైవరు చెవి కింద తెగింది. డ్రైవరు కిక్కురుమనలేదు. బాబాయ్ పటిక రుద్ది, "ఈ బ్లేళ్ళు మునుపటిలా రావట్లేదోయ్" అన్నాడు. ఆ రెండు నెలల్లోనే మూడు పటిక ముక్కలు అయిపోయాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడట్లేదనుకున్నాడు. చెయ్యి పోతే తనేమిటి? ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ రేడియో గొంతు పెంచేవాడు.

అంతలో వీధిలో ఒక వింత మొదలైంది. ముందు డ్రైవరు గడ్డం పెంచాడు. తర్వాత పోస్టుమాను. జన్మలో ఒక్కరోజైనా గడ్డం మాయనివ్వని మాస్టారు కూడా తెల్లటి గడ్డంతో వచ్చి, "కాస్త జుట్టు మాత్రం తగ్గించవోయ్" అన్నాడు. నెల తిరిగేసరికి వీధి వీధంతా గడ్డాలే.

"పాడు ఫ్యాషను! ముసలాళ్ళకు కూడా అంటుకుంది" అని బాబాయ్ సణుక్కున్నాడు. కానీ లోపల్లోపల హాయిగా ఉంది. కత్తి పట్టాల్సిన పని తప్పింది కదా!

ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. బాబాయ్ భార్య ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఒక మధ్యాహ్నం డ్రైవరు భార్య జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చింది. అన్నానికి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్న బాబాయ్‌ని చూడగానే ఆవిడకు దుఃఖం, కోపం కలిసి పొంగుకొచ్చాయి.

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను, ఆ చెయ్యి చూపించుకోండి. మా ఆయన గడ్డం తియ్యకపోతే డ్యూటీ ఎక్కొద్దని డిపోలో కాగితం ఇచ్చారు. చర్మం జబ్బని అబద్ధం చెప్పి రోజులు నెట్టుకొస్తున్నాడు. పక్క వీధిలో గీయించుకో అంటే, 'బాబాయ్ చూస్తే ఏమనుకుంటాడు' అంటాడు!"

బాబాయ్ కంచం పక్కకు జరిపాడు. "మిగతావాళ్ళు?"

"అందరూ అంతే. మీకు తెలియకూడదని మాట్లాడుకున్నారట."

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ మిషను మీదనుంచి తలెత్తలేదు. "పటిక కొనుక్కొచ్చేది నేనేగా. నాకు తెలియదనుకున్నావా? చెబితే ఇంతెత్తున లేస్తావని ఊరుకున్నా" అంది.

ఆయనకు సిగ్గు వేసింది. గుట్టు దాస్తున్నది తానొక్కడే అనుకున్నాడు. వీధంతా కలిసి ఆయన గుట్టును ఆయన దగ్గరే దాచింది.

మర్నాడు పొద్దున్నే సెలూను తెరవకుండా క్లినిక్కుకు వెళ్ళాడు. అక్కడా ఒక కిటికీ ఉంది. దాన్ని చూసి కాళ్ళు వెనక్కి లాగాయి. లోపలున్న అమ్మాయి పేరు, వీధి అడిగి రాసుకుని, "కూర్చోండి, పిలుస్తారు" అంది. అంతే. క్యూ ఉన్నమాట నిజమే, గంటన్నర పట్టింది. రేడియో లేదు.

డాక్టరు చిన్న వయసు ఆవిడ. కాగితం మీద సున్నాలు చుట్టమంది. నీళ్ళున్న గ్లాసు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చమంది. రక్తపరీక్ష చేయించి, నడిపించి చూసింది. చివరికి అడిగింది:

"మీ నాన్నగారికి చేతులు వణికేవా?"

"లేదమ్మా. ఆయన చేతులు..."

అంటూనే ఆగిపోయాడు. నాన్న నిండా యాభై రాకముందే కత్తి పక్కన పెట్టేశాడు. "ఇక నువ్వే చెయ్యరా, నేను చూస్తా" అని రెండో కుర్చీలో కూర్చుండిపోయాడు. అది కొడుకు మీద గురి అనుకుని తను ఎంత మురిసిపోయాడో! టీ ఇస్తే ముసలాయన ఎప్పుడూ బల్ల మీద పెట్టమనేవాడు. ఎవరూ లేనప్పుడు తాగేవాడు.

"వణికేవమ్మా," అన్నాడు. "మేము చూడలేదు."

"కొన్ని కుటుంబాల్లో ఇది వస్తుంటుంది. ప్రాణానికేం భయం లేదు. పూర్తిగా పోతుందని చెప్పను గానీ, మాత్రతో చాలామందికి బాగా తగ్గుతుంది. నెలనెలా వచ్చి చూపించుకోవాలి. వస్తారా?"

"వస్తానమ్మా. వీధి చివరేగా."

మూడు వారాలు మాత్రలు వేసుకున్నాడు. ఒకసారి వెళ్తే మోతాదు మార్చారు. ఆ తర్వాత ఒక సాయంత్రం భార్య బుడగల పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటిది ఠప్పున పగిలి ఇద్దరి మొహాల నిండా నురగ చిందింది. "నలభై కొనాల్సింది" అని నవ్వింది ఆవిడ. రెండోదీ పగిలింది. మూడోది పగల్లేదు. నాలుగోదీ పగల్లేదు. అయిదోదాన్ని ఆయన రెండుసార్లు గీశాడు, కింది నుంచి పైకి ఎదురు గీత కూడా.

ఆదివారం సెలూను ముందు గడ్డాల వరస నిలబడింది. కబురు ఎవరు చెప్పారో అడగక్కర్లేదు. డ్రైవరు అందరినీ తోసుకుని కుర్చీ ఎక్కాడు. బాబాయ్ నురగ పూసి కత్తి ఎత్తాడు. రేడియో కట్టేశారెవరో. వేలి చివర ఇంకా సన్నని అదురు ఉంది. కానీ కత్తి గీత మాత్రం దారి తప్పలేదు.

"ఏం బాబాయ్, ఇప్పుడేమంటావు ప్రభుత్వం సంగతి?" అన్నాడు డ్రైవరు కళ్ళు మూసుకునే.

"కత్తి గొంతు మీదుంది. ఇప్పుడు రాజకీయాలొద్దు."

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. పని పూర్తయింది. బాబాయ్ అలవాటుకొద్దీ స్టీలు గిన్నె వైపు చెయ్యి చాచి, అవసరం లేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ తిప్పాడు. అద్దంలో డ్రైవరు మొహం వెనక నాన్న కుర్చీ కనిపించింది. రోజూ చెప్పే మాట నోటికి రాలేదు.

"ముప్ఫయ్యేళ్ళ కిందటే పెట్టాల్సింది వాళ్ళు ఆ క్లినిక్కు," అన్నాడు. "మా నాన్న ఇంకో పదేళ్ళు గీసేవాడు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బాబాయ్ పాత బ్లేడు విరిచి డబ్బాలో వేసి, కొత్తది తొడిగి, తువ్వాలు దులిపాడు.

"రండి మాస్టారూ. మీరు ఆ రెండో కుర్చీలో కూర్చోండి."