సాయంత్రపు చెయ్యి

నా చిన్నప్పుడు జాలరిపేట ఒడ్డున మా అమ్మమ్మకి ఒక చోటు ఉండేది. పడవలు వచ్చే తెల్లవారుజామున అక్కడ కత్తిపీట వేసుకుని, కొన్నవాళ్ళకి చేపలు కోసి ఇచ్చేది. రోజూ వచ్చి కూర్చుంటే ఆ చోటు మనది, వదిలేస్తే ఇంకొకరిది. వదిలింది తిరిగి అడగకూడదన్నది ఒడ్డు మీది కట్టుబాటు.

ఆమె చెయ్యి తిరిగిన మనిషి. నా సంగతా? ఇప్పటికీ చేపని కొయ్యమంటే చేపకంటే నేనే ఎక్కువ తెగుతాను. అంత పనితనమున్న అమ్మమ్మకి కణుపులు వాచి వేళ్ళు తిరగడం మానేశాయి. బూడిద రాసి పట్టుకున్నా చేప జారిపోయేది.

మా మావయ్య ఓడలు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. తల్లి కోసం ఒక చెక్కపిడి చేశాడు. దాని కింది మేకులు చేపని పట్టుకుంటాయి, ఆమె పిడిని కత్తి మీదికి తోస్తే చాలు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, ఆమె గుప్పిట్లో బంకమట్టి ముద్ద పెట్టి నొక్కించి, వేళ్ళు పడిన చోటల్లా చెక్కకి గాడి తీశాడు. మర్నాటి సాయంత్రం ఇంట్లోనే కోసి చూస్తే చేప ముక్కలు చక్కగా తెగాయి.

"ఎలాగుందమ్మా?"

"బాగుందిరా నాయనా. నా సెయ్యి నాకు తెచ్చిచ్చినావు."

ఆ మాటకి మావయ్య మొహం వెలిగిపోయింది. కానీ నేను ఒడ్డుకి వెళ్ళినప్పుడల్లా ఆ పిడి బుట్టలోనే ఉండేది. అమ్మమ్మ వట్టి చేతులతోనే అవస్థ పడేది. విసిగిన బేరాలు పక్కనామె దగ్గరికి పోయేవి.

"బుట్టలో ఎట్టి నైవేద్దం పెడతన్నావేటి?" అని నా నోట విన్న మావయ్య దెప్పేవాడు.

"అలవాటు పడాల గదరా," అనేది ఆమె.

కొన్నాళ్ళకి ఒడ్డుకి వెళ్ళడమే మానేసింది. ఆ చోటు పక్కనామెదైంది.

ఆ వారంలోనే ఒక పొద్దున్న మావయ్య రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి, అమ్మమ్మ టీగ్లాసుని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగుతోంది. అంతకుముందు అతను లేచేసరికే ఆమె ఒడ్డున ఉండేది కాబట్టి, పొద్దుటి చేతులు అతని కంట పడలేదు. పిడి తెచ్చి పట్టించబోయాడు. కర్రల్లా బిగుసుకున్న వేళ్ళు ఏ గాడిలోనూ పడలేదు.

"పొద్దున్న ఇలాగుంటాయని సెప్పనేదేటమ్మా?"

"అంత కట్టపడి సేసినావు, ఏటని సెప్పమంటావురా? ఎండెక్కితే అవే వదుల్తాయి."

ఎండెక్కేదాకా పడవలు ఆగవు. మావయ్య నిద్ర మానుకుని, గాడులు లేని ఇంకో పిడికి సైకిలు ట్యూబుతో పట్టీ వేశాడు. చెయ్యి దూరిస్తే చాలు, బిగించి పట్టుకోనక్కర్లేదు. మర్నాడు తెల్లారుతూనే చేప భేషుగ్గా తెగింది. అయితే, తెగింది మా ఇంటి పులుసుకి. ఆ తర్వాత అమ్మమ్మ బతికినంతకాలం మా ఒక్క ఇంటికే కోసింది. ఆ పిడిని మేం మెచ్చుకోబోతే మావయ్య లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఆ పట్టీపిడి ఇప్పుడు నా వంటింట్లో ఉంది. ఈ మధ్య పొద్దున్నే నా వేళ్ళూ మొరాయిస్తున్నాయి, పిడి మాత్రం మాట వింటోంది. నేనేదైనా చేసిచ్చినప్పుడు ఎవరైనా "బాగానే ఉందండీ" అంటే నేను అక్కడితో ఊరుకోలేను. "తెల్లవారుజామున కూడానా?" అని అడుగుతాను.