కొమ్మ కట్టని సైకిలు

దయ్యాల మాట ఎత్తితే నాకు చిరాకు. మామిడి తోటకు కాపలా మనిషిని పెట్టుకునేటప్పుడు నేను మొదట అడిగే మాట అదే, దయ్యాలంటే భయముందా అని. ఉందన్నవాడికి అక్కడే దండం పెట్టి పంపేసేవాణ్ణి. అట్లాంటివాడు చీకటి పడగానే ముసుగు తన్ని పడుకుంటాడు, కాయలు సగం పందుల పాలు, సగం దొంగల పాలు. నేనే ఆ తోటలో ఏళ్ళ తరబడి ఒంటరిగా పడుకున్నాను. గాలికి కాయ రాలిన చప్పుడు తప్ప ఇంకొకటి వినలేదు.

ఇప్పుడు చెప్పబోయేది రాత్రి జరిగింది కూడా కాదు. మిట్టమధ్యాహ్నం, తల మాడే ఎండలో జరిగింది. నేను చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

డెబ్బైల చివర్లో సంగతి. కార్వేటినగరం వైపు కొండల నడుమ ఒక కోనలో మేము మామిడి తోట గుత్తకు పట్టాం. మేమంటే మా అన్న మునిరత్నం, వదిన, నేను. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. నాకు అన్నం పెట్టింది, సైకిలు నేర్పింది, తప్పు చేస్తే వీపు పగలగొట్టింది అన్నే. వాళ్ళకు పిల్లలు లేరు. నన్ను చూపించి "ఈడే మా పెద్దకొడుకు, ఈడే చిన్నకొడుకు" అనేవాడు.

కోనలోంచి కాయలు బయటికి రావాలంటే కనుమ దాటాలి. ఎద్దులబండికి పూట పట్టేది, అందుకని అందరం సైకిళ్ళ మీదే తోలేవాళ్ళం. క్యారియరుకు అటో గంప, ఇటో గంప, పైన ఒకటి. ఎక్కేటప్పుడు నెట్టుకుంటూ ఎక్కుతాం, అది ఒళ్ళు నొప్పి మాత్రమే. దిగడమే ప్రాణం మీదికి వచ్చే పని. గులకరాళ్ళ దోవ, మలుపు మీద మలుపు. సగం దిగేసరికి బ్రేకు రబ్బర్లు కాలిన వాసన వచ్చేది.

అందుకే మా తట్టు తోటలవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. కనుమ నెత్తి మీద కానుగ చెట్లున్నాయి. అక్కడ ఆగి, ముంజేయంత లావు కొమ్మ ఆకులతో సహా కొడవలితో నరికి, మొదలు క్యారియరుకు కట్టి, ఆకుల వైపు నేల మీద ఈడ్చుకుంటూ దిగుతాం. ఆ కొమ్మే మాకు బ్రేకు. కింద పాపమ్మక్క టీ అంగడి దగ్గర విప్పి పడేస్తే, ఆమె ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకునేది. కొమ్మ గరగరా ఈడుస్తున్న చప్పుడు కొండ మీద నుంచి వినబడగానే ఆమె టీ నీళ్ళు పెట్టేసేది.

అందరూ బరువుంటేనే కొమ్మ కట్టేవాళ్ళు. మా అన్న మాత్రం ఖాళీ సైకిలుకు కూడా కట్టేవాడు. "ఏమప్పా రత్నం, నడిసేటప్పుడు మొలకు గూడా ఒకటి కట్టుకుంటావా?" అని జనం ఆటపట్టించేవాళ్ళు. నవ్వేవాడు కానీ మానేవాడు కాదు. నా కొమ్మ ముడి తాను లాగి చూడనిదే నన్ను దిగనిచ్చేవాడు కాదు. "నిదానంగా దిగరా. కింద ఊరు యాడికీ పోదు" అనేవాడు. ఆ మాట వినీ వినీ నాకు విసుగొచ్చేది.

ఆ యేడు నీలం రకం మామిడి కాయల చివరి కోత. కూలీలు ముందురోజే వెళ్ళిపోయారు. మిగిలినవి నాలుగు చెట్లు, మేమే కోసుకుందామని అన్న చెట్టెక్కాడు. తోటలో మేము ముగ్గురం, చూపు సరిగ్గా ఆనని ముసలి కాపలాదారు. కొమ్మ ఫెళ్ళున విరిగిన చప్పుడు విని తిరిగి చూసేసరికి అన్న కింద ఉన్నాడు. ఎడమ తొడ ఉండకూడని వైపుకు వంగి ఉంది.

వదిన గుండెలు బాదుకుంటుంటే అన్నే ఆమెను కసిరాడు. "యాల ఏడస్తావు? కాలే గదా. పుత్తూరు ఉండాది గదా."

మా వైపు వాళ్ళకు ఆ ఒక్క మాట చాలు. చెయ్యి విరిగినా కాలు విరిగినా పుత్తూరే దిక్కు. ఆకుపసరు పట్టించి, గుడ్డుసొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కడితే మనిషి లేచి నడుస్తాడు. నడిచినవాళ్ళను ఊరూరా చూశాం. ఆ ధైర్యమే మా కళ్ళు కప్పేసింది. ముగ్గురం కాలు తప్ప ఇంకేమీ చూడలేదు. అన్న మొహం పాలిపోతోంది, మాటిమాటికీ నీళ్ళడుగుతున్నాడు. నొప్పికి అనుకున్నాం. లోపల ఏదో తెగి ఉంటుందని తర్వాత నలుగురూ చెప్పారు. ఆ పూట మాకెవరికీ తట్టలేదు.

ఆ కాలుతో సైకిలు మీద కూర్చోబెట్టలేం. మంచం మీద పడుకోబెట్టి కనుమ దాటించాలి, దానికి మోసే మనుషులు కావాలి. మనుషులు కింద ఊళ్ళో ఉన్నారు. నేను గంపలు విప్పి పారేసి సైకిలు తీసుకుని కదిలాను. అన్న ఏదో చెప్పబోయాడు. "మాట్లాడొద్దు, వచ్చేస్తా" అని నెట్టుకుంటూ పరుగెత్తాను.

కనుమ నెత్తికి చేరేసరికి నా రొమ్ము కొలిమి తిత్తిలా ఎగిరెగిరి పడుతోంది. కానుగ చెట్ల దగ్గర మొలలో తడుముకుంటే కొడవలి లేదు. తోటలోనే వదిలేశాను. పైగా ఖాళీ సైకిలే కదా అనుకున్నాను. ఎక్కి వదిలేశాను.

మొదటి మలుపు బాగానే తిరిగాను. రెండో మలుపు దాటాక బ్రేకు పట్టడం మానేసింది. పిడి పిడికిట్లోకి వచ్చేస్తోంది, చక్రం ఆగడం లేదు. ముందర గుండు మలుపు ఉంది. ఏనుగంత గుండు పక్కనే దోవ ఒక్కసారిగా తిరుగుతుంది. తిరగలేకపోతే కింద లోతైన బండల వంక. ఒక కాలు నేలకు ఆనించాను, చెప్పు తెగి ఎగిరిపోయింది. అయిపోయింది అనుకున్నాను. నేను పోతే అన్న కోసం మనుషులను పిలిచేవాడు ఉండడే అన్నదొక్కటే నా మనసులో ఉంది.

అప్పుడు వెనక కొమ్మ చప్పుడు వినబడింది. గరగరా, ఆకులు రాళ్ళ మీద ఈడుస్తున్న చప్పుడు. ఎవరో వెనక దిగుతున్నారనుకుని "తప్పుకో, బ్రేకు లేదు" అని అరిచాను. ఎవరూ పలకలేదు. చప్పుడు దగ్గరికి వచ్చింది. సరిగ్గా నా క్యారియరు వెనకాలకు వచ్చింది. ఆ తర్వాత సైకిలు బరువెక్కింది.

కొమ్మ కట్టిన సైకిలు ఎట్లా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సీటు కింద చిన్నగా వెనక్కి లాగుతూ ఉంటుంది, హ్యాండిలు నిలకడగా ఉంటుంది. అచ్చం అట్లాగే లాగింది. గుండు మలుపు దగ్గరికి వచ్చేసరికి సైకిలు నడిచే మనిషంత నెమ్మదిగా ఉంది. మలుపు తిరిగాను. కింది దాకా ఆ చప్పుడు, ఆ బరువు నాతోనే వచ్చాయి. చదును నేల మీద కాలు దింపి వెనక్కి చూశాను. ఎవరూ లేరు. క్యారియరు ఖాళీ.

పాపమ్మక్క అప్పటికే టీ వడగడుతోంది. నేను రొప్పుతూ సంగతి చెబుతుంటే ఆమె సైకిలు వెనక చూసి, "కొమ్మ సప్పుడు ఇన్నానే! నీ సైకిలుకు కొమ్మ లేదే. మీయన్న ఎనక వస్తా ఉండాడనుకుంటి" అంది. అన్న చెట్టు మీద నుంచి పడ్డాడని మళ్ళీ గట్టిగా చెప్పాను. ఆమె గ్లాసులు అట్లాగే వదిలేసి మనుషుల కోసం ఊళ్ళోకి పరుగెత్తింది.

మంచం, నలుగురు మనుషులు దొరికారు. కొండెక్కుతుంటే వాళ్ళలో చెంగల్రాయుడు దోవ వైపు చూపించి, "ఎవరప్పా ఇప్పుడే కొమ్మ కట్టుకోని దిగింది?" అన్నాడు. నేనూ చూశాను. దుమ్ములో నా టైరు గీత. దాని మీద, దాన్ని సగం చెరిపేస్తూ, ఆకులు ఊడ్చిన చార. నా గీత ఎటు తిరిగితే చార అటే తిరిగింది. నేను కాలు ఆనించిన చోటికి కాస్త కిందుగా మొదలైంది. నా తెగిన చెప్పు అక్కడే పడి ఉంది. దానికి పైన నా టైరు గీత తప్ప ఏమీ లేదు. కానుగ చెట్లకు కొత్త నరుకు కూడా కనబడలేదు.

ఆ ఎండలో నాకు చలేసింది. కానీ ఆగి ఆలోచించే పరిస్థితి కాదు. "పదండి, పదండి" అని వాళ్ళను తరిమాను.

మేము తోటలోకి దిగేసరికి వదిన ఏడవడం లేదు. అన్న తల ఒళ్ళో పెట్టుకుని ఈగలు తోలుతోంది. కొడవలి ఆమె పక్కనే ఉంది. ఆమె చెప్పింది నేను ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు.

"సీనా, నువ్వు పోయిన కొంచేపటికే అడిగినాడు మీయన్న, వాడు కొమ్మ కట్టుకుంటాడా అని. కట్టుకుంటాడులే అన్న్యాను. యాడ కట్టుకుంటాడు, కొడవలి ఈడే ఉండాది సూడు అన్న్యాడు. లేసేదానికి సూసినాడు. పడుకో అని పట్టుకున్న్యాను. కండ్లు మూసుకున్న్యాడు. నిద్ర పట్టింది అనుకుంటి. మళ్ళా తెరవలేదు."

అన్నను అదే మంచం మీద కనుమ దాటించాం. ఎవరూ తొందరపడలేదు. కింద ఊరు ఎక్కడికీ పోలేదు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. మడ్‌గార్డు వంగి రాసుకుందేమో అని చూశాను, బాగానే ఉంది. ముళ్ళకంప ఏదైనా చక్రానికి తగులుకుని కింద ఊడిపోయిందేమో అనుకున్నాను. దోవంతా వెతికినా అట్లాంటిది దొరకలేదు. వెనక ఇంకెవరైనా దిగి ఉండొచ్చు. దిగితే పాపమ్మక్క అంగడి ముందు నుంచే పోవాలి. ఆమె నన్ను తప్ప ఎవరినీ చూడలేదు. భయానికి చెవుల్లో హోరెత్తి నాకు వినబడిందంటారా? ఆమెకెందుకు వినబడాలి?

మాకు వేరే పని చేతకాదు కాబట్టి మరుసటి యేడూ తోట పట్టాం. నేను కొమ్మ కట్టుకోకుండా దిగడం మొదలుపెట్టాను. పిచ్చి పట్టిందన్నారు. అననీ. దిగేటప్పుడల్లా చెవులు వెనకే ఉండేవి. సాయంత్రం అన్నం పెడుతూ వదిన తలెత్తకుండా "ఇనబడిందా?" అని అడిగేది. "లేదు వదినా" అనేవాణ్ణి. ఒకసారి గుండు మలుపు దగ్గర పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. నన్ను పుత్తూరికి తీసుకుపోయారు. కట్టు కడుతుంటే భోరున ఏడ్చాను. నొప్పికనుకుని పక్కనున్నవాళ్ళు ఓదార్చారు. చెయ్యి చక్కగా అతుక్కుంది. ఆ రోజు తర్వాత వదిన అడగడం మానేసింది, నేనూ కొమ్మ కట్టుకోవడం మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నం నా వెనక వచ్చింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలు ఉన్నాయని ఇప్పటికీ అనను. ఒక్కటే నన్ను తినేస్తుంది. అది మా అన్నే అయితే, నేను ఎవరి కోసం అంతలా ఉరుకుతున్నానో ఆ మనిషి అప్పటికే నా వెనక ఉన్నాడు. పుత్తూరికి తీసుకుపోవడానికి ఆ తోటలో ఎవరూ మిగల్లేదు.